బిగించినవాళ్ళు చూడకూడదు

మార్చి 3, సోమవారం

కారు చక్రాలకి నట్లు బిగించే మరమేకులు, అదే స్టడ్లు, కొనేశాను. పొడుగువే.

పార్టుల కొట్టాయన బల్ల మీద మూడు రకాలు వరసగా నిలబెట్టాడు. బండితో పాటు వచ్చిన పొట్టిది, దానికంటే అరంగుళం ఎక్కువున్న మధ్యరకం, నా చూపుడువేలంత పొడుగుది. పొట్టిది పనికిరాదని చూడగానే తెలుస్తుంది. రేసు చక్రాల రిమ్ము అల్యూమినియం, మందం ఎక్కువ. పొట్టి స్టడ్డు ఆ మందంలోంచి బయటపడి నట్టుకి దొరికేసరికి అయిదు చుట్లే మిగులుతాయి. స్టడ్డు ఎంత లావుంటే నట్టు కనీసం అంత లోతున దాన్ని పట్టుకోవాలి. మా బండి లెక్కలో అది ఎనిమిది చుట్లు. అయిదు చుట్లని నమ్ముకుని పావుమైలు దూసుకెళ్ళేంత తెలివితక్కువదాన్ని కాను.

మిగిలినవి రెండు. మా ఆయన మధ్యరకం చేతిలోకి తీసుకున్నాడు. "ఇది చాలు. పది చుట్లు పడుతుంది. మన బండి వారమంతా ఊళ్ళో తిరుగుతుంది, పరిగెత్తేది ఆదివారాలే. ఊళ్ళో తిరిగే చక్రాలకి ఆ పొడుగు అడ్డం వస్తుంది" అన్నాడు. నేను పొడుగుదే కావాలన్నాను. నట్టులోంచి స్టడ్డు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే రేసు దగ్గర తనిఖీ చేసే ఆయన వంగి చూడకుండానే పొమ్మంటాడు. రేపు ఇంకా మందం రిమ్ములు కొనుక్కున్నా మళ్ళీ స్టడ్లు మార్చక్కర్లేదు. ఇందులో తప్పేముంది?

మా ఆయన కొట్టాయన వైపు తిరిగి, "ఆవిడకి ఏదైనా పొడుగుదే కావాలి లెండి, నాలికతో సహా" అన్నాడు. కొట్టాయన పళ్ళికిలించాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరు ఆఫీసులో మీ లిఫ్టులు తనిఖీ చేసుకోండి. మీరు చూడకపోతే నా చక్రాలేం ఊడిపోవు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఉన్నమాటే కదా. కొట్టాయన నవ్వు ఆపేసి రసీదు రాసుకున్నాడు. మా ఆయన మధ్యరకం స్టడ్డుని బల్ల మీద మెల్లగా పెట్టి, "సరే. ఇక చూడను" అన్నాడు.

దారంతా మాటల్లేవు. బండి నేనే నడిపాను, చాలా బాగా నడిపాను.

మార్చి 4, మంగళవారం

ఇంకా మాటల్లేవు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

మార్చి 5, బుధవారం

స్టడ్లు ఎక్కించాను. నాలుగు చక్రాలకి ఇరవై. చాలామంది కొత్త స్టడ్డుని చక్రం కూర్చునే హబ్బు వెనకనుంచి దూర్చి, ముందు నట్టు పెట్టి బిగిస్తూ లోపలికి లాగుతారు. అలా లాగితే స్టడ్డు సాగిపోతుంది. నేను హబ్బులు విప్పి మా డ్రైవింగు స్కూలు వర్క్‌షాపుకి తీసుకెళ్ళి ప్రెస్సు కింద పెట్టి దించాను. ఒక్కోటీ బుద్ధిగా కూర్చుంది. పన్నెండేళ్ళుగా జనానికి బండి నేర్పుతున్నాను, ఈమాత్రం చెయ్యలేనా?

సాయంత్రం రేసు చక్రాలు ఎక్కించి టార్క్ రెంచితో బిగించాను, సరిపడా బిగుతు రాగానే అది టిక్కుమంటుంది. ఇక్కడే చిన్న చిక్కొచ్చింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బిగించినవాళ్ళు చూడకూడదు. పెళ్ళైన కొత్తలో మా ఆయన తన లిఫ్టుల ఆఫీసు నుంచి తెచ్చిన పద్ధతి ఇది. అక్కడ తాడు బిగించినవాడు ఒకడైతే సంతకం పెట్టేది ఇంకొకడు. ఎవరి పని వాళ్ళకి ఎప్పుడూ బాగానే కనిపిస్తుందట. అందుకని నేను బిగించి "బిగించాను" అంటాను. ఆయన వచ్చి రెంచి తీసుకుని, ఒక్కో నట్టు మీద పెట్టి, టిక్కుమన్న శబ్దం విని, "చూశాను" అంటాడు. అప్పుడు నేను నట్టు మీంచి రిమ్ము మీదికి పసుపు రంగుతో ఒక గీత గీస్తాను. నట్టు జరిగితే గీత విరుగుతుంది. ఆ రెండు మాటలూ పడకుండా మా బండి ఎన్నడూ గేటు దాటలేదు.

ఇవాళ "బిగించాను" అన్నాను. షెడ్డులో ఎవరూ లేరు. చేతులు కడుక్కుని, లోపలికెళ్ళి కాఫీ కలుపుకుని, నెమ్మదిగా తాగి మళ్ళీ వచ్చాను. కాఫీ తాగొచ్చాక మనిషి వేరే మనిషి అయినట్టే. నట్లన్నీ మళ్ళీ చూసుకున్నాను, అన్నీ టిక్కుమన్నాయి. "చూశాను" అన్నాను. పద్ధతి ఎక్కడా తప్పలేదు.

మార్చి 6, గురువారం

అత్తయ్యకి రెండు వైపులా చాకిరీ ఎక్కువైంది. మా ఆయన హాల్లో నా ఎదురుగానే కూర్చుని, "అమ్మా, కరెంటు బిల్లు కట్టిందేమో కనుక్కో" అంటాడు. నేను పేపరు చదువుతూ, "అత్తయ్యా, కట్టేశానని చెప్పండి" అంటాను. మూడోసారికి ఆవిడ లేచి నిలబడి, "నేనేమన్నా ఈ ఇంటికి టెలిఫోన్నా? ఎవరి నోరు వాళ్ళు వాడుకోండి" అని గదిలోకెళ్ళి తలుపేసుకుంది.

ఆ తర్వాత ఇద్దరం పేపరు చెరో సగం చదువుకున్నాం. నా సగంలో ఏమీ లేదు.

మార్చి 7, శుక్రవారం

ఊళ్ళో తిరిగే చక్రాలకి పాత నట్లు పట్టడం లేదు. అవి ఒకవైపు మూసేసి ఉండే టోపీ నట్లు. కొత్త స్టడ్డు కొస వెళ్ళి టోపీకి తగిలేస్తోంది, రిమ్ముకీ నట్టుకీ మధ్య వేలు పట్టేంత సందు.

దీన్ని పొడుగు అడ్డం రావడం అనరు. నట్లు మార్చాల్సి రావడం అంటారు. రెండూ ఒకటి కాదు.

రేసు చక్రాలకి వాడే, రెండువైపులా తెరిచి ఉండే ఓపెన్ నట్లే వీటికీ పెట్టేద్దామనుకున్నాను. కానీ స్టడ్లు బారెడు బయటికొచ్చి కనిపించాయి. అత్తయ్య చూసి, "ఏంటమ్మాయ్, బండికి కోరలొచ్చాయి?" అంది. అందుకని కొట్టుకెళ్ళి పొడుగు టోపీ నట్లు తెచ్చాను, తళతళలాడే క్రోము. కొనే ముందు కొలుచుకునే వెళ్ళాను. నాకు గుడ్డిగా కొనే అలవాటు లేదు. ముందు చక్రం దగ్గర రిమ్ము పెట్టి, స్టడ్డు ఎంత బయటికొస్తోందో పుల్లతో కొలిచాను. నట్టు లోతు అంతకన్నా ఓ గోటిమందం ఎక్కువే ఉంది. నాలుగు చక్రాలకీ అవే స్టడ్లు, అవే రిమ్ములు, ఒకటి కొలిస్తే నాలుగూ కొలిచినట్టే.

అత్తయ్య నట్లు చూసి మురిసిపోయింది. "ఇప్పుడు బండి బండిలా ఉంది" అంది.

మార్చి 9, ఆదివారం

రేసు. తనిఖీ ఆయన స్టడ్లు దూరం నుంచే చూసి చెయ్యి ఊపాడు. నేను చెప్పానా!

రెండు పందేలు గెలిచాను. మూడోదాంట్లో పళ్ళ డాక్టరు చేతిలో వెంట్రుకవాసిలో ఓడాను. ఆయన బండి ఖరీదుతో నా బండిలాంటివి నాలుగు కొనొచ్చు, అయినా గీత దాటాక కిందికి దిగి నా దగ్గరికొచ్చి, "ఇవాళ కంచె దగ్గర మీ వారు కనిపించలేదేం?" అని అడిగాడు. పని ఉందన్నాను. కంచె దగ్గర ఎవరూ నిలబడకపోతే ఒక సుఖం ఉంది, రోడ్డు చివరిదాకా అడ్డం లేకుండా కనిపిస్తుంది.

ముప్పయ్యో తారీకున పెద్ద పోటీ. అప్పుడు చూపిస్తాను డాక్టరుకి.

ఇంటికొచ్చి రేసు చక్రాలు తీసి ఊళ్ళో చక్రాలు ఎక్కించాను. బిగించాను. కాఫీ తాగాను. చూశాను. టిక్కు, టిక్కు, టిక్కు.

మార్చి 11, మంగళవారం

బ్రేకు గొట్టం చూద్దామని బండి వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద పెట్టాను. అత్తయ్య పక్కన పీట వేసుకుని కూర్చుని కబుర్లు చెబుతోంది. లేవబోతూ ఎడమ వెనక చక్రం మీద చెయ్యి ఆనించింది.

"అమ్మాయ్, ఇది కదిలింది."

"మీ మోకాలు కదిలి ఉంటుంది అత్తయ్యా."

"నా మోకాలు ఎప్పుడు కదులుతుందో నాకు తెలీదా? చక్రమే. టక్కుమంది."

రెంచి పెట్టి చూపించాను. అయిదు నట్లూ టిక్కుమన్నాయి. పసుపు గీతలు చెక్కుచెదరలేదు. బేరింగు కాస్త ఆడుతుంది అత్తయ్యా, ఇరవయ్యేళ్ళ బండికి అది మామూలే అని చెప్పాను. ఆవిడ నావంక ఒకలా చూసి, "మీ ఆయన్ని పిలవనా?" అంది.

అక్కర్లేదన్నాను.

మార్చి 13, గురువారం

పొద్దున స్కూల్లో బ్యాంకు మేనేజరుగారికి పాఠం. ఆయన ఆగి ఉన్న బండికి కూడా హారను కొడతాడు. అందరికీ చెప్పేదే ఆయనకీ చెప్పాను. బండిలో కొత్త శబ్దం ఏది వచ్చినా పక్కకి తీసి ఆపండి, దిగి చూడండి, మీకు తెలీకపోతే తెలిసినవాళ్ళని పిలవండి, అందులో నామోషీ లేదు. ఆయన బుద్ధిగా తల ఊపాడు.

సాయంత్రం ఇంటికొస్తుంటే నా బండి వెనకనుంచి కొత్త శబ్దం. నెమ్మదిగా వెళ్ళేటప్పుడు మాత్రమే, గుర్ గుర్ గుర్ అని. వేగం పెంచితే పోతోంది. అందుకని కాస్త వేగంగా వచ్చాను.

మార్చి 14, శుక్రవారం

నట్ల మీద చిన్న చిన్న నీలం చుక్కలు. ప్రతి నట్టు మీదా ఒకటి. ఎదురింటివాళ్ళు గేటుకి రంగు వేయిస్తున్నారు, గాలికి తుంపర ఎగిరొచ్చి పడి ఉంటుంది. మనిషన్నాక కాస్త గుడ్డ కట్టుకుని వేసుకోవాలి. వెళ్ళి అడుగుదామనుకున్నాను గానీ గొడవలెందుకని ఊరుకున్నాను. ఈ మధ్య నాకు గొడవలు పడటం లేదు.

మార్చి 16, ఆదివారం

పందెం లేదు. ఇంట్లోనే ఉన్నాను. మా ఆయన చెప్పులు షెడ్డు గుమ్మం దగ్గర ఉన్నాయి. ఎక్కడ పడితే అక్కడ వదిలేస్తాడు.

మధ్యాహ్నం ఒక సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. మొదటిసారి ఆయన్ని రేసుకి తీసుకెళ్ళినప్పుడు, పచ్చ లైటు పడిన క్షణం కంచె పట్టుకుని కళ్ళు మూసుకున్నాడట. "మరి నేను గెలవడం మీరెలా చూశారు?" అంటే, "నువ్వు బయల్దేరక ముందు చూడాల్సిందంతా చూసేశాను, ఇక తర్వాత చూడ్డానికేముంది?" అన్నాడు. చెప్పడానికి పక్కకి తిరిగాను. అత్తయ్య తప్ప ఎవరూ లేరు. ఆవిడకి ఈ కథ తెలుసు.

మార్చి 18, మంగళవారం

ఇవాళ శబ్దం రాలేదు. రేడియో పెట్టుకున్నాను.

మార్చి 19, బుధవారం

నట్ల మీద మళ్ళీ నీలం చుక్కలు. ఆ గేటుకి ఇంకెన్ని పూతలు వేస్తారో!

మార్చి 20, గురువారం

బేరింగే. పోటీ అయ్యాక మారుస్తాను.

మార్చి 21, శుక్రవారం

ఇది ఇవాళే రాయాలి. రేపటికి నేను దీన్ని ఎటో తిప్పి నాకు అనుకూలంగా రాసేసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

అత్తయ్యని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆవిడ వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. వీధి మలుపు తిరగ్గానే, "ఏదో కొట్టుకుంటోంది" అంది. బేరింగన్నాను. సిగ్నలు దగ్గర, "అమ్మాయ్, నా కాళ్ళ కిందే కొట్టుకుంటోంది, కాస్త ఆపు" అంది. ఆలస్యమవుతోంది అత్తయ్యా అన్నాను. పెద్ద వంతెన ఎక్కబోతుండగా ఆవిడ ముందుకి వంగి నా భుజం మీద ఒక్కటిచ్చింది. నిజంగానే కొట్టింది. "నేను నీ దగ్గర బండి నేర్చుకోవడానికి వచ్చినదాన్నైతే నా మాట వింటావా? ఆపు!" అంది.

వంతెన మొదట్లో పక్కకి తీసి ఆపాను. వంతెన మీద ఆపడానికి చోటు లేదు. ఎక్కేసి ఉంటే దాని రెండో కొసదాకా వెళ్ళాల్సిందే, పక్కన నడుమెత్తు గోడ, కింద కాలవ.

దిగి చూశాను. ఎడమ వెనక చక్రానికి రెండు స్టడ్లు లేవు. నట్లతో సహా విరిగి ఎక్కడో పడిపోయాయి. మిగిలినవి మూడు. ఆ మూడింటి మీదా నా పసుపు గీతలు నిటారుగా ఉన్నాయి, ఒక్క వెంట్రుకవాసి జరగలేదు. డిక్కీలోంచి రెంచి తీసి పెట్టాను. టిక్కు. రెండోది, టిక్కు. మూడోది, టిక్కు. బిగుతుగా ఉన్నాయి. రెంచి అక్కడే వదిలేసి చక్రం మీద కాలితో తన్నాను. చక్రం కదిలింది.

నట్లు ఊడిపోయి కదిలితే అర్థముంది. బిగుతుగా ఉండి కదలడమేంటి? పన్నెండేళ్ళలో నాకు అర్థం కానిది ఏదీ బండిలో లేదనుకున్నాను.

ఫోను చేశాను. మొదటి రింగుకే తీశాడు.

"ఏమండీ, పెద్ద వంతెన దగ్గరున్నాం. చక్రం బిగుతుగానే ఉంది. కానీ కదులుతోంది."

"కదులుతుంటే బిగుతుగా ఎలా ఉంటుంది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

"వంతెన ఎక్కావా?"

"లేదు."

"అమ్మ?"

"గట్టు మీద కూర్చుని నన్ను తిడుతోంది."

"తిడుతోందంటే బాగానే ఉంది. కదలకండి, వస్తున్నా."

స్కూటరు వేసుకుని ఆఫీసు బట్టల్లోనే వచ్చాడు. తిన్నగా వెళ్ళి రెంచి తీసుకుని మూడు నట్ల మీదా పెట్టాడు. మూడూ టిక్కుమన్నాయి. తర్వాత రెండు చేతులతో చక్రం పట్టుకుని ఊపాడు. కదిలింది. ఆయన మొహం పాలిపోవడం నేను పెళ్ళిలో తప్ప ఎప్పుడూ చూడలేదు.

"పొద్దున కూడా చూశాను. అన్నీ టిక్కుమన్నాయి" అన్నాడు.

"ఎవరు చూశారు?"

"నేనే."

"మీరు చూడనన్నారుగా?"

"అన్నాను."

"మరి?"

"అన్నానని నిజంగా చూడకుండా ఉంటానా?" అని కసురుకున్నాడు.

గట్టు మీంచి అత్తయ్య, "రోజూ పొద్దున్నే వీడు షెడ్డులోకి దొంగలా వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నాను. చెప్పులు విప్పి మరీ వెళ్తాడు, చప్పుడు కాకుండా" అంది.

"అయితే ఆ నీలం చుక్కలు మీవా?"

"మరెవరివి?"

"ఎదురింటి గేటుకి వేసిన రంగనుకున్నాను."

"ఎదురింటి గేటు ఆకుపచ్చ" అన్నాడు ఆయన.

రోజూ నేను ఆ గేటు ముందునుంచే వెళ్తాను.

బండిని జాకీ మీద ఎత్తి ఒక నట్టు విప్పాం. లోపల టోపీ అడుగున స్టడ్డు కొస గుచ్చుకున్న మచ్చ మెరుస్తోంది. రిమ్ముని నొక్కాల్సిన అంచు మీద మాత్రం క్రోము అక్కడక్కడ రాసుకుపోయిందే తప్ప నొక్కుకున్న జాడే లేదు. అప్పుడు అర్థమైంది. నట్టు వెళ్ళి స్టడ్డు కొసకి ఆని ఆగిపోయింది. చక్రాన్ని సరిగ్గా ముట్టుకోనేలేదు. దాని బలమంతా తన స్టడ్డు మీదే. రెంచికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? దానికి గట్టిదనం తగిలితే చాలు, టిక్కుమంటుంది.

"నువ్వు కొలిచే కొన్నావుగా?" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు.

"ముందు చక్రం దగ్గర కొలిచాను" అన్నాను. అంటూండగానే తెలిసిపోయింది. ముందు చక్రం లోపల ఉండేది బ్రేకు డిస్కు, దాని రేకు మందం. వెనక చక్రం లోపల ఉండేది బ్రేకు డ్రమ్ము, దాని రేకు పల్చన. రేకు ఎంత పల్చనైతే స్టడ్డు అంత ఎక్కువ బయటికొస్తుంది. ముందు నేను మిగుల్చుకున్న గోటిమందం వెనక లేదు. ఒకటి కొలిస్తే నాలుగూ కొలిచినట్టే అని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను.

ఇక అంటాడని చూశాను. మధ్యరకం తీసుకోమన్నానా, పొడుగు అడ్డం వస్తుందన్నానా అని. అనడానికి ఆయనకి హక్కుంది, నేనైతే అనేదాన్ని. ఆయన విప్పిన నట్టుని అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, "నేను మధ్యరకం అన్నప్పుడు కూడా ఈ సంగతి నాకు తట్టలేదు. పాత నట్లు పట్టవని మాత్రమే అనుకున్నాను. రెండు వారాల నుంచి ఈ నట్లని నా చేత్తో చూస్తూ, ఇదంతా బాగుందని చుక్కలు పెడుతున్నాను" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదని రాయబోయాను. భయంతోనే. వెనక సీట్లో అత్తయ్య ఉంది. ఇంకో నిమిషం మొండికేసి ఉంటే వంతెన మీద ఉండేవాళ్ళం. అదొక్కటే కాదు, ఇన్నాళ్ళూ ఇంట్లో ప్రశాంతంగా ఉందని రాసిందంతా అబద్ధం. నాకు ఒక్కరోజు కూడా బాగాలేదు.

నేను బిగించాను, ఆయన చూశాడు. పద్ధతి ఎక్కడా తప్పలేదు. కానీ ఇద్దరం రెంచినే అడిగాం. చక్రాన్ని అడిగింది అత్తయ్య ఒక్కతే, ఆవిడకి మోకాళ్ళ నొప్పి కాబట్టి.

బండిని లాగే లారీ వచ్చేదాకా ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. ఆయన నా పక్కనే కూర్చున్నాడు. అత్తయ్య, "హమ్మయ్య, ఇక నాకు టెలిఫోను డ్యూటీ లేదు" అంది.

మార్చి 22, శనివారం

ఇల్లు దద్దరిల్లిపోయేలా పోట్లాడుకున్నాం. ఎంత హాయిగా ఉందో!

విచిత్రమేమిటంటే ఇవాళ నేను మధ్యరకం అంటున్నాను, ఆయన పొడుగే ఉంచమంటున్నాడు. "నీ లెక్క తప్పు కాదు, నట్టు తప్పు. పొడుగు స్టడ్డుకి ఓపెన్ నట్టు పెడితే ఏ గొడవా లేదు" అంటాడు. "ఊళ్ళో చక్రాలకి అంత పొడుగెందుకు, కోరల్లాగా" అంటాను నేను. "నీ ఆరోజు మాట నీకే తిప్పి చెబుతున్నా" అంటాడు. "మీ ఆరోజు మాటే నేనూ చెబుతున్నా" అంటాను. అత్తయ్య టీవీ గొంతు పెంచేసింది.

చివరికి ఇద్దరం షెడ్డులోకెళ్ళి, ఈ సంగతి నోటితో కాకుండా చేతితో తేల్చాం. కొట్టునుంచి నమూనాకి తెప్పించిన రెండు మధ్యరకం స్టడ్లని ముందు ఒకటి, వెనక ఒకటి ఎక్కించాం. రెండు రకాల రిమ్ములూ పెట్టి, నాలుగుసార్లు విడివిడిగా, వేళ్ళతో నట్టు తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాం. ఆయన తిప్పాడు, నేను లెక్కపెట్టాను. తర్వాత నేను తిప్పాను, ఆయన లెక్కపెట్టాడు. ఎక్కడా ఎనిమిదికి తగ్గలేదు. రేసు రిమ్ము మీద స్టడ్డు నట్టులోంచి రెండు మరలు బయటికొచ్చి చక్కగా కనిపిస్తోంది, ఊళ్ళో రిమ్ము మీద ఇంకాస్త ఎక్కువ. ఇక నుంచి రెండు రకాల చక్రాలకీ ఓపెన్ నట్లే. తుప్పు పడితే పడనీ, తుడుచుకుంటాం. లోపల ఏముందో కనిపించని నట్టు మాకొద్దు.

ఇరవై స్టడ్లూ కొత్తవి వేయాలి. విరిగిన రెండే మారిస్తే చాలదు, వదులు చక్రం కింద నలిగినవాటిని నమ్మలేం. కన్నాలు కోలగా సాగిపోయిన ఆ రిమ్ము కూడా పారేయాలి. ముందూ వెనకా కొలవకుండా మాట్లాడినందుకు ఈ ఖర్చు నా వాటా.

క్రోము నట్లు చెత్తలో పడేస్తుంటే అత్తయ్య ఒకటి తీసి దాచుకుంది. "ఎందుకత్తయ్యా?" అన్నాను.

"నా మాట విననప్పుడల్లా చూపిస్తా" అంది.

మార్చి 24, సోమవారం

కొట్టాయన మమ్మల్ని ఇద్దర్నీ కలిసి చూసి కంగారుపడ్డాడు. మూడు రకాలూ బల్ల మీద పెట్టబోయి ఆగాడు. "మధ్యరకం, ఇరవై" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. ఆయన గబగబా మూట కట్టేశాడు.

మార్చి 30, ఆదివారం

పళ్ళ డాక్టరు మీద గెలిచాను. గెలుస్తానని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు, కాబట్టి దాని గురించి రాయడానికి ఎక్కువ లేదు. రాయాల్సింది అంతకుముందు జరిగింది.

అత్తయ్య మొదటిసారి రేసుకొచ్చింది. మడత కుర్చీ, గొడుగు, ఫ్లాస్కు తెచ్చుకుంది. తనిఖీ ఆయన ఈసారి దూరం నుంచి చెయ్యి ఊపలేదు, నేనే ఊపనివ్వలేదు. "దగ్గరికొచ్చి చూడండి" అన్నాను. ఆయన విసుక్కుంటూనే వంగి చూసి, వేలితో మరలు తడిమి, బాగుందని వెళ్ళాడు.

రేసు చక్రాలు ఎక్కించి, నేలమీదికి దించి, ఇరవై నట్లూ బిగించాను. లేచి నిలబడి, "బిగించాను" అన్నాను.

మా ఆయన రెంచి అందుకుని ఒక్కో నట్టు దగ్గరా వంగాడు. టిక్కుమన్న ప్రతిసారీ తల ఊపాడు. నీలం రంగు సీసా జేబులో ఉంది, తియ్యలేదు. ఇక దొంగచాటు చుక్కలక్కర్లేదు కదా. నా చేతిలోంచి పసుపు కుంచె తీసుకుని గీతలు తనే గీశాడు. నావి కాస్త వంకర, ఆయనవి స్కేలు పెట్టినట్టుంటాయి. "చూశాను" అన్నాడు.

నేను హెల్మెట్టు తీసుకుని బండెక్కబోయాను. వెనకనుంచి అత్తయ్య, "ఆగు" అంది.

కుర్చీలోంచి లేచి, గొడుగు మా ఆయన చేతికిచ్చి, "ఎత్తు" అంది. ఏంటమ్మా ఎత్తేది అన్నాడు. "బండిని. మొన్నలా ఎత్తిపెట్టు" అంది. పక్కనున్నవాళ్ళంతా చూస్తున్నారు. పళ్ళ డాక్టరు తన బండిలో కూర్చుని హారను కొట్టాడు. మా ఆయన గొడుగు మెడకి తగిలించుకుని, జాకీ తెచ్చి, ఒక్కో చక్రం ఎత్తి స్టాండు పెట్టి, ఆవిడ చూశాక దించుతూ వచ్చాడు. అత్తయ్య ఒక్కో చక్రం దగ్గరికీ వెళ్ళి, రెండు చేతులూ దాని మీద ఆనించి, మోకాలి నొప్పితో లేచేటప్పుడు ఎలా ఒరుగుతుందో అలా తన బరువంతా వేసి ఒరిగింది. ముందు కుడి. ముందు ఎడమ. వెనక కుడి. చివరికి ఎడమ వెనక చక్రం దగ్గర మాత్రం చాలాసేపు ఉంది. డాక్టరు మళ్ళీ హారను కొట్టాడు, ఆవిడ అటు చూడను కూడా చూడలేదు.

తర్వాత లేచి, చేతులు దులుపుకుని, నావంక చూసి, "కదల్లేదు" అంది.

అప్పుడు బండెక్కాను.